నొప్పి తెలియని కాలు విరిగినప్పుడు

చీలమండ విరిగిన మనిషి తన కాళ్ల మీద తాను నడిచి ఆసుపత్రికి వచ్చాడంటే డాక్టరు స్థిమితపడకూడదు, కంగారుపడాలి. ఆ మనిషికి షుగరు కూడా ఉంటే మరీను. విరిగిన ఎముక మీద బరువు మోపి నడవగలిగాడు కాబట్టి దెబ్బ చిన్నదే అనుకోవడానికి లేదు. దెబ్బ తగిలిందన్న కబురు మోసుకెళ్లే నరాలే చచ్చుబడిపోయి ఉండవచ్చు.

కెనడాలో ఇయాన్ స్టీల్ అనే ఎమర్జెన్సీ వైద్యుడు, ఆయన సహచరులు 1992లో ఒక సులువైన పద్ధతి తెచ్చారు. దాన్ని ఒటావా నియమాలంటారు. కాలు మడతపడి వచ్చిన అందరికీ ఎక్స్‌రే అక్కర్లేదు. చీలమండకు రెండు పక్కలా ఉబ్బెత్తుగా ఉండే ఎముకల వెనక అంచును నొక్కినప్పుడు నొప్పి పుట్టినా, దెబ్బ తగిలిన వెంటనేనూ, ఆసుపత్రికి వచ్చాకనూ రెండుసార్లూ నాలుగు అడుగులు వేయలేకపోయినా అప్పుడు తీస్తే చాలు. ప్రపంచమంతటా వాడే పద్ధతి ఇది. ఎక్స్‌రే యంత్రం ఎక్కడో కొండ దిగువన ఉండే మన ఏజెన్సీ ప్రాంతాల్లో ఇలాంటిది ఎంతో ఆదుకుంటుంది. కానీ అదంతా నొప్పి మీదే నిలబడి ఉంది. పాదాల్లో స్పర్శ తగ్గిన మనిషి దగ్గర ఆ నియమాలు చెల్లవు. అలాంటివాళ్లకు చీలమండ వాచిందంటే నొప్పి ఉన్నా లేకపోయినా ఎక్స్‌రే తీయాల్సిందే.

నిజానికి కాలు విరిగినప్పుడు మనం తీసుకునే నిర్ణయాలన్నీ నొప్పిని అడిగి తీసుకునేవే. డోలీ కట్టాలా, నెమ్మదిగా నడిపించాలా? కట్టు బిగుసుకుందా? కాలు ఎప్పుడు కింద పెట్టవచ్చు? తోటలోకి ఎప్పుడు వెళ్లవచ్చు? షుగరు ఆ నొప్పి నోరు నొక్కేసినప్పుడు దాని పని మరెవరు చేయాలన్నదే ఈ అధ్యాయంలో మనం తేల్చుకోవాల్సిన సంగతి.

అరకులోయ, అనంతగిరి, డుంబ్రిగూడ, హుకుంపేట, ముంచంగిపుట్టు మండలాల్లో బతుకు ఏటవాలు మీద సాగుతుంది. సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు పాకించి, ఆ నీడన పెంచే కాఫీ తోటలన్నీ వాలులోనే ఉంటాయి. చలికాలం పొడుగునా పళ్లు ఏరేవాళ్లు రాలిన ఆకుల మీద, మంచుకు తడిసిన మట్టి మీద అడుగు వేస్తారు. వానాకాలంలో గెడ్డ దాటాలంటే నాచు పట్టిన బండలే దారి. పాదం లోపలికో బయటికో మెలిపడటం, ఆ మెలికకు చీలమండ ఎముక విరగడం ఇక్కడ వింత కాదు.

షుగరు పట్నం జబ్బన్న మాట కొండల మీద ఇంకా వినిపిస్తుంది. ఐసీఎంఆర్ దేశమంతటా చేసిన ఇండియాబ్ అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. భారతదేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉందనీ, పెద్దవాళ్లలో ఇది 11.4 శాతమనీ అది తేల్చింది. పట్నాల్లో ఎక్కువ, పల్లెల్లో తక్కువన్నది నిజమే. అయితే పట్నంలో ఉన్న షుగరు చాలావరకు బయటపడి మందు దాకా వస్తుంది. పరీక్ష చేసేవాళ్లు అరుదుగా వెళ్లే గూడెంలో అది ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా నరాలను తినేస్తుంది. అందుకే కాలు విరిగి వచ్చిన రోజే షుగరున్న సంగతి మొదటిసారి తెలిసేవాళ్లు ఉంటారు.

చీలమండ కీలు చూడటానికి చిన్నది, పని మాత్రం పెద్దది. కాలి పెద్ద ఎముక టిబియా, సన్న ఎముక ఫిబులా కలిసి పైనుంచి ఒక గూడులా ఏర్పడతాయి. పాదంలోని టేలస్ అనే ఎముక ఆ గూటిలో సరిగ్గా ఇమిడి కదులుతుంది. ఒళ్లంతటి బరువూ ఆ కొద్దిపాటి మృదులాస్థి మీదుగా నేలకు దిగుతుంది. టేలస్ పక్కకు 1 మిల్లీమీటరు జరిగితే చాలు, ఎముకలు రెండూ తాకే వైశాల్యం 42 శాతం తగ్గిపోతుందని రామ్సే, హామిల్టన్ అనే పరిశోధకులు 1976లో చూపించారు. ఎముక సుమారుగా కుదిరితే సరిపోదా అన్న ప్రశ్నకు ఈ కీలు దగ్గర జవాబు అదే.

ఇక షుగరు ఎముకను ఏం చేస్తుందో చూద్దాం. ఎముకలో కొంత బలం కాల్షియంది, కొంత బలం దాన్ని పట్టి ఉంచే కొలాజెన్ అనే ప్రోటీను పోగులది. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉన్నన్నాళ్లూ అది ఆ పోగులకు అంటుకుని, వాటిని ఒకదానితో ఒకటి బిగించేస్తుంది. పచ్చి వెదురు వంగి నిలుస్తుంది, ఎండిన వెదురు ఫెళ్లున విరుగుతుంది. షుగరు ముదిరినవాళ్ల ఎముక ఆ ఎండు వెదురు లాంటిది. అందుకే టైప్ 2 షుగరున్నవాళ్లకు ఎముక సాంద్రత పరీక్షలో అంకెలు బాగానే కనిపిస్తాయి, ఒక్కోసారి మామూలు వాళ్లకంటే ఎక్కువే ఉంటాయి, అయినా ఎముకలు విరుగుతాయి. కొత్త ఎముక కట్టే కణాలు కూడా చక్కెర ముంపులో మందగిస్తాయి. సన్న రక్తనాళాలు పూడుకుపోతే ఆ కణాలకు అందాల్సిన ఆహారమూ అందదు. విరుపు అతుక్కోవడానికి ఎక్కువ కాలం పట్టేది ఇందువల్లే.

అతుక్కోవడం ఆలస్యమైనా ఓపిక పడితే సరిపోయేది. అసలు ప్రమాదం నరాల దగ్గర ఉంది. షుగరు ముందుగా దెబ్బతీసేది ఒంట్లోకెల్లా పొడవైన నరాలను. అంటే కాలి వేళ్ల దాకా వెళ్లే నరాలను. మొదట తిమ్మిర్లు, రాత్రిపూట అరికాళ్ల మంటలు, ఆ తర్వాత ఏమీ తెలియని మొద్దుతనం. మంటలు తగ్గాయని చాలామంది సంతోషిస్తారు. జబ్బు నయం కావడం వల్ల తగ్గిన మంటలు కావవి.

నొప్పి లేని కాలు ఎలా పాడవుతుందో ప్రపంచానికి అర్థమయ్యేలా చెప్పినవాడు మన తూర్పు కనుమల్లోనే పుట్టాడు. పాల్ బ్రాండ్ 1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో మిషనరీ దంపతులకు జన్మించాడు. ఆయన తండ్రి 1929లో ఆ కొండల మీదే మలేరియా ముదిరి చనిపోయాడు. లండన్‌లో సర్జరీ చదువుకున్న బ్రాండ్ 1946లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చాడు. చెంగల్పట్టు కుష్ఠు ఆసుపత్రిలో వేళ్లు పోయిన చేతులు, అరికాళ్లలో గుంటలు పడ్డ పాదాలు చూశాడు. కుష్ఠు క్రిమి వేళ్లను కొరుక్కు తింటుందని అప్పటిదాకా వైద్యులు సైతం నమ్మేవారు. బ్రాండ్ రోగుల వెంట తిరిగి, వాళ్లు రోజంతా చేసే పనులు గమనించాడు. నిప్పుల్లోంచి చేత్తో వస్తువు తీసేవాళ్లు, మేకు గుచ్చుకున్నా నడిచేవాళ్లు కనిపించారు. రాత్రి నిద్రలో ఎలుకలు కొరికినా మెలకువ రానివాళ్లు ఉన్నారని తేలాక, ఇళ్లకు వెళ్లే రోగులకు పిల్లుల్ని ఇచ్చి పంపేవారు. ఆ వేళ్లను తింటున్నది క్రిమి కాదనీ, నొప్పి అనే కాపలా లేకపోవడమేననీ ఆయన నిరూపించాడు.

అరికాలి పుండ్లకు మందులు పూయడం మాని, పాదానికి ఒదిగేలా సిమెంటు కట్టు వేసి బరువును కాలంతా పంచితే పుండు మానుతుందని వెల్లూరులో చూశారు. 1966లో బ్రాండ్ అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో కార్విల్ అనే ఊళ్లో ఉన్న కుష్ఠు ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఆ పద్ధతిని వెంట తీసుకువెళ్లాడు. అక్కడ షుగరు రోగుల పాదాలు చూడగానే అవి తనకు ఎప్పటినుంచో తెలిసిన పాదాలేనని గుర్తుపట్టాడు. ఈనాడు ప్రపంచమంతటా షుగరు పుండ్లకు వేసే ఆ కట్టు మన దక్షిణాది కుష్ఠు వార్డుల్లో పదునెక్కిన విద్య. ఆయన అక్కడ ఇంకొక ప్రయత్నం కూడా చేశాడు. మొద్దుబారిన చేతులకూ పాదాలకూ ఒత్తిడిని కొలిచే పరికరాలు అమర్చి, ప్రమాదం వస్తే మోత మోగేలా, చివరికి చిన్న కరెంటు షాక్ తగిలేలా ఏర్పాటు చేశాడు. రోగులు పనికి అడ్డుపడుతున్నాయని వాటిని ఆపేసి పని ముగించుకునేవారు. ఏళ్ల కృషి తర్వాత ఆ ప్రయత్నాన్ని వదిలేశాడు. నిజమైన నొప్పికి స్విచ్ ఉండదు. దాని స్థానంలో మనం ఏది పెట్టినా మనిషి దాన్ని పక్కన పెట్టేయగలడు. విరిగిన కాలితో ఇంటికి వెళ్లే షుగరు రోగికి నాలుగు సలహాలు చెప్పి చేతులు దులుపుకోవడం ఎందుకు చాలదో ఇక్కడ తెలుస్తుంది.

స్పర్శ లేని కాలు విరిగాక దాన్ని తొక్కుతూనే ఉంటే జరిగేది మరీ దారుణం. పారిస్‌లో జాన్ మార్టిన్ షార్కో 1868లో సుఖవ్యాధి ముదిరి నరాలు దెబ్బతిన్నవాళ్లలో కీళ్లు వాచి, ఎముకలు చితికిపోవడం వర్ణించాడు. షుగరులోనూ అదే జరుగుతుందని 1936లో విలియం జోర్డన్ గుర్తించాడు. పాదం ఎర్రబడి, వేడెక్కి, వాస్తుంది. ఎముకలు మెత్తబడి, కీళ్లు తప్పి, అరికాలి వంపు కుంగి, చివరికి పాదం పడవ అడుగులా తయారవుతుంది. మొదటి వారాల్లో ఎక్స్‌రే మామూలుగానే కనిపించవచ్చు. అది చీము పట్టిందనో వాతమనో అనుకుని మందులిస్తూ పోతే ఆ లోపు పాదం చేజారుతుంది. చీలమండ విరుపు ఈ షార్కో పాదానికి ఒక పెద్ద వాకిలి.

కాబట్టి విరిగిన రోజే పాదంలో స్పర్శ ఉందో లేదో చూడాలి. దానికి 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాను పోగు ఉంటుంది, మోనోఫిలమెంట్ అంటారు. అది లేకపోయినా ఫరవాలేదు. ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్ ఆసుపత్రి వైద్యులు 2011లో ప్రచురించిన పద్ధతికి చూపుడు వేలు చాలు. రోగిని కళ్లు మూసుకోమని, రెండు పాదాల్లోనూ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసలను ఒకటి రెండు సెకన్లు తేలిగ్గా తాకాలి. నొక్కకూడదు, నిమరకూడదు. ఆరింటిలో రెండుగానీ అంతకంటే ఎక్కువగానీ తెలియకపోతే ఆ పాదం ప్రమాదంలో ఉన్నట్టు. గూడెంలో ఆశా కార్యకర్త నిమిషంలో చేయగల పరీక్ష ఇది. విరగని కాలికీ చేయాలి, ఎందుకంటే రాబోయే నెలల్లో ఒంటి బరువంతా మోయబోయేది అదే.

రోడ్డు లేని గూడెం నుంచి డోలీలో దిగాల్సి వస్తే ముందు కాలిని కదలకుండా చేయాలి. 2018 నుంచి ఏజెన్సీలో తిరిగే ఫీడర్ అంబులెన్స్ బైకులు కొంత దూరం కలిసొస్తాయి, అయినా మెలికల దారి మెలికల దారే. మెత్తటి గుడ్డ మడతలు చుట్టి, మోకాలి కింది నుంచి పాదం దాకా రెండు పక్కలా వెదురు బద్దలు పెట్టి వదులుగా కట్టడం మంచి పని. ఈ విద్య నాటు వైద్యుల దగ్గర తరతరాలుగా ఉంది, దాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. పుత్తూరు కట్టుకు తెలుగునాట అంత పేరు రావడానికీ కారణాలున్నాయి. కానీ కట్టు కట్టేవాడికి అది బిగుసుకుందని చెప్పేది రోగి మూలుగు. స్పర్శ పోయినవాడు మూలగడు. బిగుతు కట్టు కింద చర్మం నల్లబడుతున్నా నిద్రపోతాడు. ఆసుపత్రిలో వేసే సిమెంటు కట్టుకూ ఇదే ముప్పుంది. మడమ దగ్గర దళసరిగా దూది పరచాలి, మొదటి వారాల్లో తరచుగా విప్పి చూడాలి. తోమడం, లాగడం, తెగిన చర్మం మీద పసరు పూయడం మాత్రం ఎవరు చేసినా తప్పే.

ఎముక జరగకుండా నిలకడగా ఉంటే కట్టుతో నెట్టుకురావచ్చు. జరిగితే, ముఖ్యంగా రెండు మూడు చోట్ల విరిగితే, షుగరున్నవాళ్లకు ఆపరేషనే మేలు. చూడగానే ఇది తలకిందులుగా అనిపిస్తుంది. షుగరుంటే పుండు మానదు కదా, కోయకుండా వదిలేస్తే క్షేమం కదా అని ఇంటివాళ్లే కాదు, కొందరు వైద్యులూ అనుకుంటారు. కానీ కట్టులో ఎముక మెల్లగా పక్కకు జారుతుంటే, ఆ జారుడు రోగికి నొప్పిగా తెలియదు. లోపలి ఎముక మొన పల్చటి చర్మాన్ని పొడుచుకుని బయటికి వచ్చాక తెలుస్తుంది. అందుకని సర్జన్లు ఇలాంటివాళ్లకు మామూలు కంటే గట్టి ప్లేట్లు వాడతారు, ఫిబులా నుంచి టిబియాలోకి ఒకటికి బదులు మూడు నాలుగు స్క్రూలు దించుతారు. ఎముక మరీ బలహీనమైతే మడమ నుంచి పైకి పొడవాటి రాడ్ వేస్తారు. కోయడానికి ముందు పాదంలో నాడి అందుతోందో లేదో చూడాలి. వాపు దిగి చర్మం మీద ముడతలు కనిపించేదాకా, ఒక్కోసారి వారం పది రోజులు ఆగాలి. వాపు మీద కోస్తే కుట్లు విచ్చుకుంటాయి. చర్మం చీరుకుని ఎముక బయటపడినా, కీలు తప్పి పాదం చల్లబడినా మాత్రం ఒక్క పూట కూడా ఆగకూడదు. అరకు నుంచి విశాఖ కేజీహెచ్‌కు సుమారు 115 కిలోమీటర్లు, అందులో చాలాభాగం ఘాట్ రోడ్డు. 2024లో పాడేరులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అక్కడి ఎముకల విభాగం నిలదొక్కుకున్నకొద్దీ ఈ దూరం తగ్గాలి.

ఆపరేషన్‌కు ముందు షుగరు ఎంతుందో చూడటానికి మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయిస్తారు. ఈ కొండల్లో ఆ అంకెను కళ్లు మూసుకుని నమ్మకూడదు. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుందన్న లెక్క మీద ఆ పరీక్ష నడుస్తుంది. ఇక్కడ కనిపించే సికిల్ సెల్ అనే రక్తవ్యాధి ఉన్నవాళ్లలో ఆ కణం కొద్ది వారాల్లోనే చనిపోతుంది. చక్కెర అంటుకునేంత వ్యవధే దానికి ఉండదు కాబట్టి అంకె అబద్ధంగా తక్కువ వస్తుంది. ఒక్క జన్యువే ఉన్న సికిల్ వాహకుల్లోనూ కొన్ని రకాల యంత్రాలు తప్పు చూపుతాయి. ఐరన్ లోపంతో వచ్చే రక్తహీనతలో ఇందుకు విరుద్ధంగా అంకె లేనిపోని ఎత్తుకు పోవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2023 జులై 1న మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్ గిరిజన ప్రాంతాల కోసమే వచ్చింది, ఆ పరీక్షల కార్డు రోగి దగ్గర ఉంటే దాన్ని చూడాలి. లేకుంటే పరగడుపున, తిన్నాక చేసే రక్తపరీక్షలను నమ్ముకోవడం మేలు. విరిగిన ఎముకను మూడు నెలలు ఆపి షుగరు తగ్గించలేం. ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో ఇన్సులిన్‌తో 140 నుంచి 180 మధ్య ఉంచగలిగితే పుండులో చీము పట్టే ముప్పు చాలావరకు తగ్గుతుంది.

ఆ తర్వాతిదే కష్టమైన భాగం. మామూలు మనిషికి 6 వారాలు కాలు మోపవద్దంటే, స్పర్శ పోయిన షుగరు రోగికి 10 నుంచి 12 వారాలు వద్దనాలి. తర్వాత మరో రెండు నెలలు బూటు లాంటి పట్టీతో కొద్దికొద్దిగా. అంటే రెట్టింపు కాలం. ఆరో వారానికే ఆ మనిషి, "నొప్పి నేదు బాబూ, తీసీండి" అంటాడు. నిజమే చెబుతున్నాడు, నొప్పి మొదటి నుంచీ లేదు. అతని మాట అబద్ధం కాకపోయినా అతని ఎముక ఇంకా అతుక్కోలేదు. ఆ రోజుల్లో నొప్పి చేయాల్సిన పని క్యాలెండరూ ఎక్స్‌రే చేయాలి.

కాఫీ పళ్లు చెట్టు మీద పండి రాలిపోతుంటే మూడు నెలలు కూర్చోమనడం మందుబిళ్ల మింగమనడం లాంటిది కాదు. ఆ ఇంట్లో ఎవరు నీళ్లు తెస్తారు, మేకల్ని ఎవరు తోలుతారు, సంతకు ఎవరు వెళ్తారు అన్నది ఆసుపత్రిలో ఉండగానే ఇంటివాళ్లను కూర్చోబెట్టి మాట్లాడాలి. ఇది వైద్యంలో భాగమనే నా నమ్మకం. గడప ఎత్తుగా ఉండే ఇంట్లో, మెట్ల వాకిట్లో వాకరు తిరగదు. కాలకృత్యాలకు వాలు దిగాల్సిన చోట కాలు మోపకుండా ఉండటం జరగని పని. అందుకే నడుమ రంధ్రం ఉన్న కుర్చీ ఒకటి వాకరు కంటే ముందు ఇంటికి చేరాలి. ఒంటికాలితో గెంతడం వల్ల రెండో పాదానికీ పుండు పడుతుంది, రోజూ సాయంత్రం దాని అరికాలిని ఇంట్లో ఒకరు దీపం వెలుగులో చూడాలి. చలికాలంలో మంట చుట్టూ కూర్చుని కాళ్లు చాపడం ఇక్కడ అలవాటు. లంబసింగిలో, మినుములూరులో వణికించే రాత్రుల్లో అది తప్పదు కూడా. మొద్దు పాదానికి ఆ సెగ బొబ్బలెక్కేదాకా తెలియదు, గుడ్డ మేజోళ్లు వేసి మంటకు దూరంగా ఉంచాలి.

పొగాకు సంగతి కూడా చెప్పాలి. ఉత్తరాంధ్రలో ఆడవాళ్లు చుట్ట నిప్పు నోట్లోకి పెట్టి కాల్చే అడ్డపొగ నోటి కాన్సరు తెస్తుందని చాలామందికి తెలుసు. అదే పొగాకు సన్న రక్తనాళాలను ముడిచేసి ఎముక అతుకును కూడా ఆపుతుంది. తిండి విషయంలో కొండవాళ్లకు బయటి నుంచి నేర్పాల్సింది తక్కువ. చోడుల్లో 100 గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, చింతపల్లి వైపు పండే రాజ్మాలో ప్రోటీను ఉంది, గుడ్డు ఉంది. పలచటి అంబలి మాత్రం షుగరును త్వరగా పెంచుతుంది, అదే చోడిని ముద్దగా, కూరతో తింటే నయం.

కట్టు తీశాక కూడా కాపలా మానకూడదు. రెండు పాదాల వేడినీ ఒకేచోట కొలిచి పోల్చడం బ్రాండ్ బృందం కార్విల్‌లో నేర్పిన పని. కోవిడ్ రోజుల్లో నుదుటి ముందు పెట్టిన ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌ను ఉపరితల వేడి చూపేలా మార్చుకుంటే చాలు. అరగంట కూర్చోబెట్టాక కొలవాలి. మానిన కాలు రెండోదానికంటే 2 డిగ్రీల సెల్సియస్ గానీ ఎక్కువ గానీ వేడిగా ఉంటే లోపల ఎముక ఇంకా నలుగుతోందని అనుమానించాలి. ఎక్స్‌రే బాగుందన్నా, మనిషి హాయిగా ఉన్నానన్నా కాలు మళ్లీ కట్టులోకి వెళ్లాలి. నడక మొదలయ్యాక ఎంసీఆర్ చెప్పులు కావాలి. మెత్తటి రబ్బరు అట్టతో కుష్ఠు రోగుల కోసం చేసే చెప్పులవి. ఈ కొండల పాదాన సాలూరులో ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి ఎన్నో ఏళ్లుగా ఉంది. మొద్దు పాదాన్ని చూసుకోవడం తెలిసిన చేతులు అలాంటి చోట్ల ఉన్నాయి. షుగరు రోగుల్ని వాళ్ల దగ్గరికి పంపే ఏర్పాటు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల నుంచి జరగాలి. మొదటి నెలల్లో వారానికోసారి, తర్వాత ఏడాది దాకా నెలకోసారి పాదం వేడి కొలవడానికి విశాఖ దాకా దిగనక్కర్లేదు. గూడెం దగ్గరి సబ్ సెంటర్‌లో ఆ పని జరిగిపోతుంది.